టీవీలో చూసే 12 నిమిషాలు మీవాడికి వర్తించవు

అక్కా, ఇంగ్లండ్‌లో స్కూల్ మ్యాచ్‌లో కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం) అయిన మీవాడు, 'టీవీలో రగ్బీవాళ్లు 12 నిమిషాల్లో తిరిగొస్తారుగా, వచ్చే వారమే ఆడతా' అంటున్నాడని రాశారు.

ఆ 12 నిమిషాలు విశ్రాంతి కాదక్కా, పరీక్ష. అనుమానం వస్తే డాక్టర్ లోపలికి తీసుకెళ్లి జ్ఞాపకశక్తి, నిలకడ చూస్తాడు. స్పృహ తప్పినట్టో, తూలినట్టో స్పష్టంగా కనిపిస్తే ఆ పరీక్ష కూడా ఉండదు, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. పాసైనవాణ్ని కూడా మ్యాచ్ అయ్యాక ఒకసారి, రెండు రోజుల్లోపు ఇంకోసారి చూస్తారు. స్కూల్ గ్రౌండులో అంతమంది డాక్టర్లు ఎక్కడ?

అందుకే అక్కడ మామూలు ఆటగాళ్లకు 2023లో వేరే మార్గదర్శకాలు ఇచ్చారు. 21 రోజులలోపు మ్యాచ్ వద్దు. అప్పటికీ, విశ్రాంతిగా ఉన్నప్పుడు వరసగా 14 రోజులు ఏ లక్షణమూ ఉండకూడదు. మొదటి రెండు రోజులు ఫోన్ తగ్గించండి (యుద్ధమే, తెలుసు!), తర్వాత నడక, చదువు మెల్లగా. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరిగినా, మగతగా ఉన్నా వెంటనే 999కి (అక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేయండి.

ఇంకా వాదిస్తే స్టీవ్ థాంప్సన్ గురించి చెప్పండి. 2003 రగ్బీ ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టులో ఆడాడు. 42 ఏళ్లకే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. ఆ కప్పు గెలిచినట్టు గుర్తే లేదని 2020లో తనే చెప్పాడు.