నోడ్‌కి స్టాటిక్ పెట్టు, కౌంట్‌కి తీసెయ్

తమ్ముడూ,

నువ్వు పంపిన జావా లింక్డ్ లిస్ట్ కోడ్ చూశాను, అదే, లిస్ట్ క్లాస్ లోపల ఒక్కో ఎలిమెంట్‌ని పట్టుకునే నోడ్ క్లాస్, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే కౌంట్ ఫీల్డ్ ఉన్నది. మెయిన్‌లో కొత్త నోడ్ సృష్టించబోతే కంపైలర్ ఒప్పుకోలేదని, కనపడిన ప్రతిదానికీ స్టాటిక్ (ఏ ఒక్క ఆబ్జెక్ట్‌కీ కాక క్లాస్‌కే చెందుతుందని చెప్పే మాట) తగిలించేశావు కదూ! అందరూ చేసేదే. ఎర్రర్ పోయింది గానీ, నోడ్‌కి పెట్టింది సరైన పని, కౌంట్‌కి పెట్టింది కొంప ముంచే పని.

ముందు నోడ్ సంగతి. స్టాటిక్ లేకపోతే అది ఇన్నర్ క్లాస్, దాని ఆబ్జెక్ట్ పుట్టాలంటే బయటి క్లాస్ ఆబ్జెక్ట్ ఒకటి ఉండి తీరాలి, మెయిన్ స్టాటిక్ మెథడ్ కాబట్టి అక్కడ అలాంటిది లేదు, అందుకే ఆ గొడవ. పైగా అలా పుట్టిన ప్రతి నోడూ బయటి లిస్ట్‌ని చూపించే రెఫరెన్స్ ఒకటి నీకు కనపడకుండా మోస్తుంది. లక్ష నోడ్లుంటే లక్ష దండగ రెఫరెన్సులు. అంతకన్నా చిక్కేమిటంటే, ఒక్క నోడ్‌ని ఎక్కడో పట్టుకుని ఉన్నా లిస్ట్ మొత్తాన్నీ గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఖాళీ చేసేది) ముట్టుకోదు. జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 18 నుంచి కంపైలర్ ఆ రెఫరెన్స్ వాడకపోతే చాలావరకు తీసేస్తోంది, కానీ పాత వెర్షన్లతో నడిచే ప్రాజెక్టులు ఇంకా ఎన్నో ఉన్నాయి, దాన్ని నమ్ముకోకు.

జావా సోర్సే తెరిచి చూడు. హ్యాష్‌మ్యాప్‌లో నోడ్ స్టాటిక్, లింక్డ్‌లిస్ట్‌లో నోడ్ ప్రైవేట్ స్టాటిక్. అర్రేలిస్ట్‌లోని ఇటరేటర్ క్లాస్‌కి మాత్రం స్టాటిక్ లేదు, ఎందుకంటే తను తిరుగుతున్న లిస్ట్‌లోని ఎలిమెంట్లు, మాడ్‌కౌంట్ (లిస్ట్ ఎన్నిసార్లు మారిందనే లెక్క) దానికి నిజంగానే కావాలి. నువ్వూ అంతే చెయ్: మొదట స్టాటిక్ అని రాసెయ్, బయటి ఆబ్జెక్ట్ డేటా అవసరమైతేనే తీసెయ్. లోపల రాసే ఎన్యూమ్‌లు, రికార్డులు ఎలాగూ స్టాటిక్కే, వాటికి విడిగా రాయక్కర్లేదు.

ఫీల్డుల విషయంలో లెక్క తిరగబడుతుంది. స్టాటిక్ ఫీల్డ్ క్లాస్ మొత్తానికి ఒక్కటే, ఉమ్మడి కుటుంబంలో ఒకే డబ్బుల పెట్టె లాగా. రెండు లిస్టులు చేసి ఒకదానిలో మూడు, ఇంకోదానిలో రెండు వేసి చూడు, రెండూ సైజు ఐదని చెప్తాయి! సర్వర్ కోడ్‌లో ఇది మరీ ప్రమాదం, చాలా థ్రెడ్లు (పక్కపక్కనే నడిచే పనులు) ఒకేసారి అదే ఫీల్డు మీద పడతాయి. తేదీలను టెక్స్ట్‌గా మార్చే సింపుల్‌డేట్‌ఫార్మాట్‌ని స్టాటిక్ ఫీల్డ్‌గా పెట్టి, లోడ్ పెరిగాక తేదీలు ఎందుకు తారుమారవుతున్నాయో తెలీక తల పట్టుకున్న టీములు బోలెడు. దాని బదులు జావా 8లో వచ్చిన డేట్‌టైమ్‌ఫార్మాటర్ మారదు కాబట్టి స్టాటిక్ ఫైనల్‌గా నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

సరే, ఇప్పుడు కౌంట్‌కి స్టాటిక్ తీసెయ్. దాన్ని వాడే స్టాటిక్ మెథడ్లు వరసగా ఎర్రర్లు ఇస్తాయి, టెన్షన్ పడకు, వాటికీ తీసెయ్. మెయిన్‌లో లిస్ట్ ఆబ్జెక్ట్ ఒకటి చేసి దాని మీద పిలువు. నోడ్‌ని ప్రైవేట్ కూడా చేసి, మళ్ళీ పంపు.