డార్క్ మోడ్‌కు మారాక కళ్ల మంట, తలనొప్పి... ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 38 సంవత్సరాలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకు 9, 10 గంటలు కంప్యూటర్ ముందే ఉంటాను. కళ్లకు మంచిదని తోటివారు చెబితే 6 నెలల క్రితం డార్క్ మోడ్‌కు (నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు) మారాను. అప్పటి నుంచి అక్షరాల చుట్టూ వెలుగు చిమ్మినట్టు కనిపిస్తోంది. సాయంత్రానికి కళ్లు మండి, తలనొప్పి వస్తోంది. కొద్దిగా సిలిండర్ పవర్ ఉందని గతంలో చెప్పారు గానీ అద్దాలు సరిగా వాడటం లేదు. మళ్లీ లైట్ మోడ్ పెట్టుకోమంటారా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పగటిపూట పనికి లైట్ మోడ్‌కే మారండి. అయితే మీరు చివర్లో మాటవరసకు చెప్పిన సిలిండర్ పవరే మీ బాధకు ముఖ్య కారణమై ఉండవచ్చని నా అభిప్రాయం.

నల్లటి తెరను చూసేటప్పుడు కంట్లోకి చేరే వెలుతురు తక్కువ కాబట్టి కనుపాప విప్పారుతుంది. అప్పుడు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర), లెన్సుల అంచుల నుంచి కూడా కాంతి లోపలికి వెళ్లడంతో, కంటిలోని చిన్నపాటి వంపు దోషాల ప్రభావం కూడా చూపులో తెలుస్తుంది. తెల్లటి తెర ముందు కనుపాప చిన్నదై, కళ్లు చికిలించి చూస్తే దూరపు బోర్డు మీది రాత కాస్త తేటపడినట్టే, అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. సిలిండర్ పవర్ ఉన్నవారిలో కార్నియా వంపు అన్ని దిక్కులా ఒకేలా ఉండదు కనుక వెలుగు ఒక్క బిందువు దగ్గర కలవక పక్కలకు పరుచుకుంటుంది. నల్లని నేపథ్యంలో తెల్ల అక్షరం చుట్టూ మీకు కనిపిస్తున్న వెలుగు అదే. ఒక చిన్న గీతతో ‘చ’ కాస్తా ‘ఛ’ అయ్యే మన లిపిని చదివేటప్పుడు ఈ మసక మరింత ఇబ్బంది పెడుతుంది.

అలాగని డార్క్ మోడ్ కంటిని పాడు చేస్తుందని భయపడకండి. రెండింటిలో ఏదీ కంటికి శాశ్వత హాని చేయదు. శుక్లాలు ముదురుతున్నవారికి, వెలుగు చూడలేని మైగ్రేన్ బాధితులకు, దీపాలు తగ్గించిన గదిలో రాత్రి పని చేసేవారికి అదే హాయిగా ఉంటుంది. మీరు కూడా రాత్రివేళ వాడుకోవచ్చు, కాకపోతే కటిక నలుపు మీద తెలుపు కాకుండా ముదురు బూడిద రంగు మీద లేత అక్షరాలు ఎంచుకోండి. ఏ మోడ్‌లోనైనా తెర వెలుగు గది వెలుగుకు దగ్గరగా ఉండాలి. పక్కన తెల్ల కాగితం పెట్టి చూసినప్పుడు తెర దానికంటే దీపంలా వెలిగిపోతుంటే బ్రైట్‌నెస్ తగ్గించాలి.

మంటకు కారణం వేరు. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్పలార్పే మనం, తెర ముందు కూర్చుంటే అంతకంటే బాగా తక్కువ సార్లు ఆర్పుతాం. దానికి ఏసీ గాలి తోడైతే కన్నీటి పొర ఆరిపోతుంది. 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూస్తూ, నిండుగా రెప్పలార్పండి. తెర నుంచి వచ్చే నీలి కాంతిని అడ్డుకునే బ్లూ లైట్ అద్దాలకు విడిగా డబ్బు పెట్టనక్కర్లేదు. అవి కంటి శ్రమను తగ్గిస్తాయనేందుకు గట్టి ఆధారాలు లేవని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష తేల్చింది. మందుల షాపులో అడిగి చుక్కల మందు తెచ్చుకోవడం మాత్రం దయచేసి చేయకండి. స్టెరాయిడ్ ఉన్న చుక్కలను నెలల తరబడి వేసుకుని, గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) తెచ్చుకున్నాక మా దగ్గరకు వచ్చేవారిని చూస్తే చాలా బాధ కలుగుతుంది.

ఈ వారంలోనే కంటి వైద్యులను కలిసి పవర్‌తో పాటు కంటి ప్రెషర్ కూడా పరీక్ష చేయించుకోండి. చత్వారం మొదలయ్యే వయసు దగ్గర పడుతోంది కాబట్టి, తెర మీ కళ్లకు ఎన్ని అంగుళాల దూరంలో ఉంటుందో కొలిచి చెబితే అద్దాలు దానికి తగ్గట్టు రాస్తారు. కొత్త అద్దాలు నెల రోజులు వాడినా అక్షరాల చుట్టూ వెలుగు తగ్గకపోతే మళ్లీ చూపించుకోండి. ఈలోగా ఎప్పుడైనా బల్బుల చుట్టూ రంగుల వలయాలు కనిపించి, కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.