ఫ్లైబోర్డింగ్ చెయ్యాలనుంది, కానీ భయమేస్తోంది

ఈసారి వచ్చిన ఉత్తరాలు చూస్తే డిసెంబర్ సెలవులకి గంజాం జిల్లా సగం గోవా రైలెక్కేలా ఉంది. అందుకని మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి నీళ్ళ మీద ఎగిరే సంగతే తీసుకుంటున్నాను.

ప్రశ్న: అక్కా, మాది బరంపురం, గేటు బజార్. పెళ్ళయి ఏడాదైంది. మా ఆయన ఆఫీసు వాళ్ళతో కలిసి గోవా వెళ్తున్నాం. అందరూ ఫ్లైబోర్డింగ్ చేస్తామంటే ఈయన నా పేరు కూడా ఇచ్చేశారు. నాకు ఈత అంతంతమాత్రం, చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరి చెరువులో నేర్చుకున్నదే. వీడియోల్లో ఆ ఎత్తు చూస్తేనే కళ్ళు తిరుగుతున్నాయి. వద్దంటే పిరికిదాన్నంటారు. అసలు చెయ్యొచ్చా? ఏం వేసుకోవాలి? తాళి తియ్యాలా?

జవాబు: చెల్లీ, పేరు ఇచ్చింది మీ ఆయన, ఎగరాల్సింది నువ్వు. ఒడ్డు దాకా వెళ్ళాక మనసొప్పకపోతే వద్దని చెప్పేసెయ్, డబ్బులు పోతే పోనీ. అది చెప్పాను కాబట్టి ఇంక ధైర్యంగా చెబుతున్నాను, చెయ్యి. నేను చేశాను, బాగుంటుంది, అవకాశం వస్తే మళ్ళీ చేస్తాను.

నువ్వు భయపడుతున్నది ఎత్తుకి. ఎత్తు నీకు పెద్ద సమస్య కాదు. ఆ వీడియోల్లో ముప్పై నలభై అడుగులు లేచి పల్టీలు కొట్టేవాళ్ళకి అదే వృత్తి. మొదటిసారి వచ్చినవాళ్ళని ఆరేడు అడుగులు లేపితే గొప్ప, అదీ కాసేపటికి. కింద ఉన్నది నీళ్ళు. భయపడాల్సిన చోటు వేరే ఉంది, అది తెలియాలంటే ఈ సరంజామా ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి.

కాళ్ళకి బూట్లు, బూట్ల కింద పలక, పలక అడుగున నీళ్ళు చిమ్మే మూతులు. అక్కణ్ణుంచి అరవై అడుగులకి అటూ ఇటూగా పొడవున్న లావాటి గొట్టం, ఫైరింజన్ వాళ్ళు వాడే రకం, ఒక జెట్‌స్కీ (నీళ్ళ మీద నడిచే మోటారు స్కూటర్ లాంటి బండి) దాకా వెళ్తుంది. జెట్‌స్కీ మామూలుగా అడుగు నుంచి నీళ్ళు లాక్కుని వెనక్కి చిమ్ముతూ ముందుకి పోతుంది. ఇక్కడ ఆ చిమ్మే చోట గొట్టం బిగించేస్తారు, దాంతో ఆ నీళ్ళన్నీ నీ పాదాల కిందకొచ్చి కిందకి కొడతాయి, నువ్వు పైకి లేస్తావు. పెరట్లో మొక్కలకి నీళ్ళు పడుతుంటే రబ్బరు పైపు చెయ్యి జారి వెనక్కి తన్ని ఎగిరెగిరి పడుతుంది చూడు, సూత్రం అదే. తమాషా ఏమిటంటే జెట్‌స్కీ నిన్ను లాగదు, నువ్వు ఎటు ఒరిగితే అటు అదే నీ వెనక ఈడ్చుకుంటూ వస్తుంది.

ఆ జెట్‌స్కీ మీద ఒకతను కూర్చుని ఉంటాడు. నువ్వెంత లేవాలి, ఎంతసేపు ఉండాలి, పడుతున్నప్పుడు నీళ్ళు ఎప్పుడు తగ్గించాలి, అంతా అతని చేతిలోని యాక్సిలరేటర్‌తోనే. ఎగిరేవాళ్ళే స్పీడు చూసుకునే రిమోట్లు కూడా ఉన్నాయి గానీ, అవి అలవాటైనవాళ్ళకి. అంచేత అక్కడికి వెళ్ళగానే బోర్డు కొత్తదా పాతదా అని చూడకు, ముందు ఆ మనిషిని చూడు. నీకంటే ముందున్నవాళ్ళ టర్న్ ఒకటి మొదట్నుంచి చివరిదాకా నిలబడి చూడు. అతని కళ్ళు ఎగిరేవాళ్ళ మీద ఉన్నాయా, ఒడ్డు మీద ఫ్రెండ్‌తో కబుర్లాడుతున్నాడా? వాళ్ళు తూలగానే నీళ్ళు మెల్లగా తగ్గిస్తున్నాడా, టక్కున ఆపేసి దబ్బున పడేస్తున్నాడా? జనం నవ్వుతారని కావాలని పడేసేవాళ్ళు కూడా ఉంటారు. అలాంటివాడు కనిపిస్తే ఇంకో చోటికి పద. నీళ్ళ హోరులో, హెల్మెట్‌లో మాట వినపడదు, చేతి సైగలే. పైకి, కిందకి, చాలు, బాగానే ఉన్నాను, ఈ నాలుగూ దిగకముందే నేర్పించాలి. హిందీలో గబగబా చెప్పేస్తే మళ్ళీ చెప్పమను, మొహమాటం వద్దు.

ఇంకోటి, లోతు. పడినప్పుడు అడుగు తగలకూడదు కాబట్టి కనీసం నాలుగు మీటర్ల లోతుండాలి. ఒడ్డున నిలబడ్డవాళ్ళకి ఫొటో బాగా పడుతుందని దగ్గరగా చేస్తామంటే ఒప్పుకోకు. అలలు లేని చోటు, వేరే పడవలు తిరగని చోటు అయితే మంచిది, నది సముద్రంలో కలిసేచోటి లోపలి నీళ్ళు అందుకు బాగుంటాయి.

ఇక ఎగరడం. నీళ్ళలో ఉండగానే ఒకతను బూట్ల పట్టీలు బిగిస్తాడు, పాదం కదలకుండా, కాస్త నొప్పిగా అనిపించేంత గట్టిగా. వదులుగా ఉంటే అప్పుడే చెప్పు. తర్వాత బోర్లా ఉండమంటారు. మొదట నీళ్ళ మీద ముందుకి తోసుకుంటూ పోతావు, ముక్కులోకి ఉప్పు నీళ్ళు పోతాయి, ఎందుకొచ్చాంరా బాబూ అనిపించేది ఆ నిమిషంలోనే. అలా పోతూ పోతూ ఒళ్ళు తిన్నగా చేసి పాదాలు కిందకి తెచ్చుకుంటే నిలువుగా లేస్తావు. అప్పుడు మోకాళ్ళు వంచకూడదు. పడిపోతున్నామనిపించగానే మన ఒళ్ళు తనంతట తనే కూర్చోబోతుంది, కూర్చుంటే పాదాలు ముందుకి పోతాయి, నీళ్ళు అటు చిమ్మి నిన్ను వెల్లకిలా పడేస్తాయి. కాళ్ళు నిటారుగా, నడుం నిటారుగా, చూపు ఎదురుగా. కిందకి చూస్తే తెల్లటి నురగ తప్ప ఏమీ ఉండదు, ఎత్తు తెలీదు, తల వంగితే ఒళ్ళూ వంగుతుంది. నేను జెట్‌స్కీ అతని మొహమే చూస్తూ నిలబడ్డాను, అది బాగా పనిచేసింది. తిరగాలంటే ఒక మడమ కొంచెం నొక్కితే చాలు, పెద్ద పెద్ద కదలికలు అక్కర్లేదు.

పడతావు. అందరూ పడతారు. ముందుకి పడుతుంటే చేతులు తలకంటే ముందుకి చాపి, తల రెండు చేతుల మధ్యకి తెచ్చుకో. వెనక్కి పడితే వీపు చుర్రుమంటుంది, గడ్డం గుండెకి ఆనించుకుంటే మెడకి దెబ్బ ఉండదు. జెట్‌స్కీ మీదకి మాత్రం ఎప్పుడూ ఒరగకు, గొట్టం మీదకి కూడా. పడ్డాక బూట్లు విప్పుకోవడానికి తంటాలు పడొద్దు, లైఫ్ జాకెట్ నిన్ను పైకి తెస్తుంది, కదలకుండా తేలుతూ ఉండు. ఈత అంతంతమాత్రమైనా చెయ్యమన్నది అందుకే, కానీ మొహం మీద నీళ్ళు పడితే గాభరా పడే అలవాటుంటే వెళ్ళేలోపు ఏదైనా పూల్‌లో కొన్నాళ్ళు తేలడం ప్రాక్టీస్ చెయ్యి.

లెగ్గింగ్స్, ఒంటికి పట్టే పొడుగు చేతుల టీషర్ట్ వేసుకో. చున్నీ వద్దు. జడ గట్టిగా అల్లి లోపలికి దోపెయ్, లెన్సులుంటే తీసెయ్, ఉంగరాలు తీసెయ్. తాళి గొలుసు హోటల్ లాకర్లో పెట్టడం మేలు. తియ్యడం ఇష్టం లేకపోతే పసుపుతాడుతో సూత్రాలు కట్టుకుని లైఫ్ జాకెట్ లోపలికి దోపుకో, బయట వేలాడకూడదు. సముద్రంలో పడ్డ బంగారం ఎవడూ వెతికిపెట్టడు.

పెళ్ళయి ఏడాది అన్నావు కాబట్టి అడుగుతున్నాను. డేట్ తప్పి ఉంటే ముందు టెస్ట్ చేసుకో. కడుపుతో ఉంటే దీని జోలికే పోవద్దు, మీ ఆయన ఎంత అలిగినా సరే.

ప్రశ్న: అమ్మా, పర్లాకిమిడిలో హైస్కూల్ టీచర్‌ని. పారిస్ కవాతులో ఒకాయన తుపాకీ పట్టుకుని గాల్లో నిలబడిన వీడియో మా పిల్లలు చూపించారు. గోవాలో ఉన్నది అదేనా? నా వయసు 54, బీపీ మాత్రలు వేసుకుంటాను, ఒకప్పుడు వాలీబాల్ ఆడుతూ భుజం జారింది. ప్రయత్నించవచ్చా?

జవాబు: మాస్టారూ, ఆ మనిషీ ఇది కనిపెట్టిన మనిషీ ఒకరే, వస్తువు మాత్రం వేరు. ఫ్రాన్స్‌కి చెందిన ఫ్రాంకీ జపాటా, జెట్‌స్కీ రేసుల్లో ప్రపంచ ఛాంపియన్. 2011లో ఈ నీటి ఫ్లైబోర్డ్ తయారుచేశాడు. దీనికి గొట్టం ఉంటుంది కాబట్టి గొట్టం పొడవు దాటి ఎవడూ లేవలేడు. తర్వాత ఆయనే నీళ్ళు, గొట్టం తీసేసి చిన్న జెట్ ఇంజన్లు పెట్టి, వీపు మీద కిరోసిన్ బ్యాగ్ మోస్తూ ఎగిరేది చేశాడు. 2016లో దాని మీద రెండు కిలోమీటర్లకు పైగా దూరం ఎగిరాడు. మీ పిల్లలు చూసింది 2019 జూలై 14 నాటి కవాతు. అదే నెల 25న ఇంగ్లిష్ ఛానెల్ దాటబోయి, సగం దారిలో ఇంధనం కోసం పడవ మీద దిగేటప్పుడు నీళ్ళలో పడ్డాడు. ఆగస్టు 4న మళ్ళీ బయల్దేరి సుమారు 35 కిలోమీటర్లు 22 నిమిషాల్లో దాటేశాడు. క్లాసులో చెప్పుకోవడానికి న్యూటన్ మూడో నియమానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. టూరిస్టులకి దొరికేది నీళ్ళదే.

మీ సంగతికొస్తే వద్దనే అంటాను. వయసు అడ్డం కాదు. బీపీ అదుపులో ఉంటే డాక్టర్ని అడిగి చూడొచ్చు. భుజం మాత్రం ఒకసారి జారిందంటే పడేటప్పుడు చేతులు చాపగానే నీళ్ళ దెబ్బకి మళ్ళీ జారే అవకాశం ఎక్కువ. వెన్ను, మెడ నొప్పులున్నవాళ్ళకి, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళకి, ఈమధ్య చెవి ఆపరేషన్ అయినవాళ్ళకి కూడా ఇదే మాట. మీరు ఒడ్డున కూర్చుని వీడియో తియ్యండి, దానికీ ఒక మనిషి కావాలి.

ప్రశ్న: అక్కా, మాది గోపాల్పూర్, జాలరి వాడ. పుట్టినప్పట్నుంచి అలల్లోనే ఉన్నాం, స్నానానికి దిగిన టూరిస్టులు కొట్టుకుపోతుంటే లాక్కొచ్చేది మేమే. గోవాలో ఉన్నది మా దగ్గర ఎందుకు లేదు? మేమే కుర్రాళ్ళం కలిసి పెడితే?

జవాబు: తమ్ముడూ, మీ సముద్రం సంగతి మీకు నేను చెప్పాలా? గోపాల్పూర్‌లో అల ఒడ్డు దగ్గరే లేచి విరుగుతుంది, ఒడ్డు వాలు ఎక్కువ, లాగుడు ఎక్కువ. జెట్‌స్కీని ఒకచోట కుదురుగా నిలపలేని నీళ్ళలో అరవై అడుగుల గొట్టం కట్టి కొత్తవాణ్ణి లేపడం ఎలా? పోనీ చిలికాలో చేద్దామా అంటే అక్కడ నీళ్ళు నిలకడగానే ఉంటాయి, లోతు లేదు, చాలాచోట్ల మనిషి నిలబడితే తల బయటే. పైగా 1981 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచమంతా కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల జాబితాలో ఉన్న చోటు, ఇరవాడి డాల్ఫిన్లు తిరిగే చోటు, అక్కడ జెట్‌స్కీ మోత పెట్టడం నాకైతే ఇష్టం లేదు. రుషికుల్య మొగ వైపు వెళ్తే గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ళు. నవంబర్ నుంచి మే దాకా అక్కడ మోటారు పడవల వేటకే ఆంక్షలుంటే, సరదా మెషీన్లకి అనుమతి ఎవరిస్తారు? టూరిస్టులొచ్చే కాలమూ అదే.

అందుకని అప్పు చేసి జెట్‌స్కీ కొనకండి. వంద హార్స్‌పవర్‌కి పైబడ్డ మెషీన్, బోర్డు, గొట్టం, మళ్ళీ ఉప్పు నీళ్ళ రిపేర్లు, వలల ముక్కలూ ప్లాస్టిక్కూ లోపలికి లాగేసుకుని ఆగిపోవడాలు, లెక్క తేలదు. మీ దగ్గరున్న విద్య వేరే. గోవాలో కేంద్ర పర్యాటక శాఖ కింద నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది, ప్రాణరక్షణ, పవర్‌బోట్ నడపడం లాంటి కోర్సులు నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. అల చూడగానే ఎటు లాగుతుందో చెప్పగలిగే కుర్రాడికి ఆ కాగితం కూడా ఉంటే, పైన చెల్లికి చెప్పిన ఆ జెట్‌స్కీ సీటులో కూర్చోవడానికి అతని కంటే తగినవాడు ఎవరు?

ప్రశ్న: రాయగడ నుంచి. పోయినసారి ఒక ఏజెంట్ ద్వారా బుక్ చేసుకుంటే పదిహేను నిమిషాలన్నారు, అందులో సగం కూడా గాల్లో లేను. మోసమే కదా?

జవాబు: కొంత మోసం, కొంత లెక్క తేడా. బూట్లు కట్టడం, నీళ్ళలోకి తీసుకెళ్ళడం, పడి లేవడం అన్నీ ఆ పదిహేనులోనే కలిపేస్తారు. ఈసారి డబ్బులిచ్చేముందు టైమ్ ఎక్కణ్ణుంచి మొదలవుతుందో అడిగి రసీదు మీద రాయించుకోండి, ఇన్సూరెన్స్ ఉందా అని కూడా అప్పుడే అడగండి. వీలైతే ఏజెంట్ లేకుండా నేరుగా నడిపేవాళ్ళతోనే మాట్లాడండి. జూన్ నుంచి సెప్టెంబర్ సగం దాకా వానలకి గోవాలో సముద్రపు ఆటలు ఆపేస్తారు. ఆ నెలల్లో చవగ్గా చేయిస్తామని ఎవడైనా ఫోన్ చేస్తే పెట్టెయ్యండి.

ప్రశ్న: చేశాక ఒళ్ళు నొప్పులు ఉంటాయా? (ఛత్రపురం)

జవాబు: ఉంటాయి. పిక్కలు, తొడలు, నడుం, రెండు రోజులు. మెట్లు దిగేటప్పుడు బాగా తెలుస్తుంది. కాబట్టి మర్నాడే గోవా వాస్కో స్టేషన్లో ఇంటికి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కే ప్లాన్ ఉంటే పై బెర్త్ మాత్రం బుక్ చేసుకోకండి.