టెక్ సందేహాలు: జానెడు జరిపితే వైఫై ఎందుకు పోతోంది?

ప్రశ్న: బల్ల మీద ఫోన్ ఒకచోట ఉంటే వైఫై బాగా వస్తోంది. కాస్త పక్కకు జరిపితే వీడియో ఆగిపోతోంది. రౌటర్‌కు రెండు యాంటెన్నాలున్నాయి. రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పరికరం) కొనాలా?

జవాబు: అప్పుడే కొనకండి. రౌటర్ సిగ్నల్ నేరుగా ఒక దారిలో, గోడలకీ బీరువాకీ తగిలి మరికొన్ని దారుల్లో ఫోన్‌ను చేరుతుంది. ఇవి ఒకదాన్నొకటి బలపరిచే చోట సిగ్నల్ నిండుగా ఉంటుంది, కొట్టేసుకునే చోట గుంట పడుతుంది. ఇదే ఫేడింగ్. 2.4 గిగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు కాబట్టి మంచి చోటికీ గుంటకీ మధ్య దూరం 3 సెంటీమీటర్లే ఉండొచ్చు. మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిరిగేలా పెట్టిందీ ఇలాంటి గుంటల వల్లే.

వైఫై అనలైజర్ యాప్ తెరిచి, ఫోన్‌ను 3 సెంటీమీటర్ల చొప్పున జరుపుతూ, ప్రతిచోటా పది సెకన్లు ఆగి డీబీఎం అంకె చూడండి. అది సిగ్నల్ బలం, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మెరుగు. -60, -75, -62 అంటూ ఊగితే ఫేడింగే. గదంతా -80 దగ్గరే ఉంటే అది దూరం, గోడల సమస్య. దానికి యాంటెన్నాలు ఎంత తిప్పినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఫేడింగ్‌కు మందు డైవర్సిటీ, అంటే ఒకే సిగ్నల్‌ను ఒకటికి మించిన దారుల్లో అందుకోవడం. ఒక యాంటెన్నా గుంటలో పడే అవకాశం నూటికి ఒకటైతే, రెండూ ఒకేసారి పడే అవకాశం పదివేలకు ఒకటి. అయితే ఆ రెండింటికీ అందే సిగ్నళ్లు వేర్వేరుగా హెచ్చుతగ్గులవ్వాలి, లెక్కంతా అక్కడే ఉంది. యాంటెన్నాల మధ్య కనీసం 6 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా తిప్పండి. చూడ్డానికి బాగుంటుందని రెండూ నిటారుగా పెడితే ఆ లాభం కొంత పోతుంది.

ప్రశ్న: రిపీటర్ పెట్టాక గీతలన్నీ నిండాయి, వేగం మాత్రం సగమైంది.

జవాబు: మామూలు రిపీటర్‌లో ఒకే రేడియో, ఒకే ఛానల్ మీద రౌటర్ మాట విని మళ్లీ పలకాలి. సగం సమయం వినడానికే పోతుంది. పైగా అసలైన కోఆపరేటివ్ డైవర్సిటీలో ఫోన్ నేరుగా వచ్చిన సిగ్నల్‌నూ, రిలే (మధ్యలో ఉండి సిగ్నల్ అందించే పరికరం) పంపినదాన్నీ కలిపి చదువుతుంది. ఇంటి రిపీటర్‌తో ఆ కలపడం జరగదు, ఫోన్ ఏదో ఒకదానికే అతుక్కుంటుంది. సిగ్నల్ లేని గదిలో రిపీటర్ పెడితే అది బలహీనమైన లింకునే ముందుకు పంపుతుంది. -65 డీబీఎం కంటే మెరుగ్గా అందే చోట, మధ్యదారిలో పెట్టండి. కేబుల్ లాగే వీలుంటే రిపీటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా (కేబుల్‌లో వచ్చే నెట్‌ను వైఫైగా పంచేదిగా) మార్చి వేరే ఛానల్ ఇవ్వండి, సగం పోయే బాధ తప్పుతుంది.

ప్రశ్న: గోడకు బిగించిన సెన్సర్ డేటా మాటిమాటికీ పోతోంది. రీట్రైలు పెంచినా లాభం లేదు.

జవాబు: దానికి ఒకటే యాంటెన్నా. గదిలో ఏదీ కదలకపోతే గుంటా కదలదు. వెంటవెంటనే ఎన్నిసార్లు పంపినా అదే గుంటలోంచి పంపినట్టే. రౌటర్ ఛానల్‌ను 1 నుంచి 11కు మార్చి చూడండి. అలా ఫ్రీక్వెన్సీ 50 మెగాహెర్ట్జ్ జరిగితే గుంటలు పడే చోట్లు చాలావరకు మారతాయి. అయినా కుదరకపోతే స్క్రూలు విప్పి సెన్సర్‌ను 4 సెంటీమీటర్లు పక్కన బిగించండి.