తలుపు ఒక్కటే చెయ్యి, చిన్నా

చిరంజీవి చిన్నాకు బాబాయి ఆశీస్సులు.

నీ పాత మారుతి 800కి ఇంట్లోనే స్ప్రే డబ్బాలతో రంగు కొడతానన్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కొట్టు, కాదనను. కానీ కారంతా వద్దు. ప్రైమరు (రంగు కింద వేసే పూత), రంగు, క్లియరు (పైన వేసే రంగులేని మెరుపు పూత) అన్నీ కలిపి డబ్బాలు లెక్కేస్తే నువ్వే జడుసుకుంటావు. పైగా టాపు, బానెట్ లాంటి పెద్ద రేకుల మీద చారలు దాగవు. గీతలు పడ్డ ఆ ఎడమ తలుపు ఒక్కటే చెయ్యి.

రంగు కొట్టేది ఒక్క పూట, అంతకుముందు రుద్దేది రెండు రోజులు. ముందు సబ్బుతో కడుగు. నీళ్లు ముత్యాల్లా నిలబడి జారిపోతుంటే పాత పాలిష్ ఇంకా వదల్లేదన్నమాట, మళ్లీ కడుగు. తలకు నూనె రాసుకున్న చేత్తో తలుపు ముట్టుకోకు. జిడ్డున్న చోట రంగు పట్టదు, చిన్న చిన్న గుంటలు పడతాయి. తుప్పును రేకు మెరిసేదాకా గీకు. సొట్టలో పుట్టీ పెట్టి, ఆరాక 180 నంబర్ గరుకు పేపర్‌తో పొడిగానే రుద్దు, ఎందుకంటే పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది. ప్రైమర్ కొట్టి ఆరాక దాని మీద మాత్రం 600 వాటర్ పేపర్‌తో, నీళ్లు తడుపుతూ రుద్దు. తర్వాత కళ్లు మూసుకుని అరచేత్తో తడుము. కంటికి దొరకని ఎగుడుదిగుడు చేతికి దొరుకుతుంది.

వాన వెలిసిందని ఓ శ్రావణంలో నా స్కూటర్‌కి నల్లరంగు కొట్టాను. గాలిలో తేమకి పొగమంచు పట్టినట్టు తెల్లబారింది. మీ పిన్ని ఇప్పటికీ నవ్వుతుంది. మిట్టమధ్యాహ్నం కూడా వద్దు, కాలే రేకు మీద రంగు గరుకు తేలుతుంది.

డబ్బాలో గోలీ గలగలలాడటం మొదలయ్యాక ఇంకో 2 నిమిషాలు ఊపు. ముందు అట్టముక్క మీద కొట్టి, ఆరాక కారు పక్కన పెట్టి పగటి వెలుతురులో రంగు కలిసిందో లేదో చూసుకో. దూరం జానెడు. చెయ్యి తలుపు బయట మొదలై, తలుపు దాటాకే ఆగాలి. మధ్యలో ఆగితే అక్కడే కారుతుంది. తొలిపూతకి ప్రైమర్ కనపడుతూనే ఉంటుంది, ఉండాలి కూడా. అక్కడే మనసు ఆగదురా! డబ్బా కింద పెట్టి వెళ్లి టీ తాగు, 15 నిమిషాలయ్యాక రా. కారితే వేలితో తుడవకు, బాగా గట్టిపడ్డాక 1000 పేపర్‌తో రుద్దుదువుగాని.

గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపదు, ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ (వడపోత డబ్బీ) ఉన్న మాస్కు కొనుక్కో. మామూలు డబ్బా రంగు పెట్రోల్ పడితే కరుగుతుంది కాబట్టి ట్యాంకు మూత దగ్గర చెయ్యి పెట్టకు.

పాలిష్ తొందరపడి పెట్టకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు నా రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా తెస్తాను.

మీ బాబాయి