తాగి నడిపిన కేసు ఉందని ప్రమోషన్ ఆపడం న్యాయమేనా?

మీరు రాసిన దాన్ని బట్టి, మీ కంపెనీ 'తాగి బండి నడపొద్దు' అంటూ పెద్ద ఎత్తున ప్రచారం మొదలుపెట్టింది. ఆ ఊపులోనే, కొన్నేళ్ల కిందట డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో జరిమానా కట్టిన మీ సహోద్యోగికి రావాల్సిన ప్రమోషన్ ఆపేసింది. ఇది వివక్షా, లేక కంపెనీ చేసింది సబబేనా అని అడిగారు.

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. ఆ కొత్త పోస్టులో బండి నడిపే పని ఉందా? ఉంటే కంపెనీ మాటలో కొంత బలం ఉంది. లెక్కలు చూసే కుర్చీ కోసమైతే మాత్రం అది అన్యాయమే. నేను చాలాకాలం ఒక సంస్థ రవాణా విభాగంలో భద్రత వ్యవహారాలు చూశాను. డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్ల చేత మీటర్‌లో ఊదించడం, ఎవరైనా దొరికితే తర్వాత ఏం చేయాలో తేల్చడం నా పని. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

తాగి నడిపేవాళ్ల మీద ఉద్యమం పుట్టిందే కడుపుకోత నుంచి. 1980లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కాండేస్ లైట్‌నర్ అనే తల్లి, తన 13 ఏళ్ల కూతుర్ని తాగిన డ్రైవర్ కారుతో గుద్ది చంపేశాక ఒక సంఘం పెట్టింది. ఇవాళ ప్రపంచమంతా 'మ్యాడ్' (మదర్స్ అగెనెస్ట్ డ్రంక్ డ్రైవింగ్, అంటే తాగి నడపడాన్ని వ్యతిరేకించే తల్లుల సంఘం) అని పిలిచేది దాన్నే. ఆ డ్రైవర్ అంతకుముందు కూడా తాగి నడిపి పట్టుబడినవాడు. అందుకే, పాత కేసును అసలు పట్టించుకోకూడదని నేను అనను. స్టీరింగ్ చేతికిచ్చే ఉద్యోగమైతే పట్టించుకుని తీరాలి.

ఇలాంటి ప్రచారాల వల్ల ఉపయోగం ఉందా అంటే, ఉంది. పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి 2004లో వెలువడిన ఒక సమీక్షలో, చక్కగా తయారుచేసి, జనానికి బాగా చేరేలా నడిపిన ప్రచారాల వల్ల మద్యం ప్రమాదాలు మధ్యస్థంగా 13 శాతం తగ్గినట్టు తేలింది. అయితే అవి ఒంటరిగా నడిచినవి కావు, పక్కన పోలీసు తనిఖీల్లాంటి పనులూ సాగాయి. 1988లో హార్వర్డ్ ప్రజారోగ్య పాఠశాల అమెరికాలో మొదలుపెట్టిన ప్రచారం నాకు బాగా నచ్చుతుంది. బృందంలో ఒకరు తాగకుండా ఉండి మిగతావాళ్లను ఇంటికి చేర్చాలన్నదే దాని సారాంశం. తాగేవాడు చెడ్డవాడని అందులో ఎక్కడా అనలేదు. తాగితే బండి ముట్టుకోవద్దు, అంతే. తప్పు చేతలో ఉందని చూపించారు, మనిషికి ముద్ర వేయలేదు. మీ కంపెనీ దారి తప్పింది సరిగ్గా ఇక్కడే.

ఇంకో ఉదాహరణ. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1982 డిసెంబరు నుంచి పోలీసులు ఏ అనుమానం లేకపోయినా ఏ బండినైనా ఆపి ఊదించడం మొదలుపెట్టారు. రోడ్డు మరణాలు బాగా తగ్గాయి. ఆ పద్ధతికి బలం ఎక్కడుందంటే, ఖరీదైన కారులో వచ్చినా ఊదాల్సిందే, డొక్కు లారీలో వచ్చినా ఊదాల్సిందే. మా సంస్థలో అలా ఉండేది కాదు. మీటర్ డ్రైవర్ల గేటు దగ్గరే ఉండేది. సంస్థ ఇచ్చే విందుల్లో సంస్థ డబ్బుతోనే మందు పోసేవాళ్లు, అది తాగిన పెద్ద అధికారులు సంస్థ కార్లే నడుపుకుంటూ ఇళ్లకు వెళ్లేవాళ్లు. వాళ్లను ఊదమన్న నాథుడు లేడు. సంస్థ బండి తాళం తీసుకునే ప్రతి ఒక్కరూ హోదాతో పని లేకుండా ఊదాలని నేను పట్టుబట్టాను. చాలా గొడవైంది. 'మమ్మల్ని డ్రైవర్లతో సమానం చేస్తావా' అని ఒక విభాగాధిపతి నా ముఖం మీదే అన్నాడు. అవును, రోడ్డు మీద అందరూ డ్రైవర్లేనని చెప్పాను. ఆ నియమం అమల్లోకి వచ్చాకే కింది ఉద్యోగులు మా సంస్థ చేసే 'తాగి నడపొద్దు' ప్రచారాన్ని నమ్మారు. మీ దగ్గర కూడా ఈ సంగతి చూడండి. పాత కేసు ఉన్న మరో అధికారికి ప్రమోషన్ వచ్చిందేమో, మీ సహోద్యోగికే ఆగిందేమో ఆరా తీయండి. వివక్ష బయటపడేది అలాంటి చోటే.

ఊదించే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పరువు పోవడానికి కేసే అక్కర్లేదు. ఒకసారి తెల్లవారుజాము షిఫ్టులో ఒక డ్రైవర్ ఊదగానే మీటర్ మోగింది. వెనక వరుసలో అందరూ చూస్తున్నారు. 'అప్పుడే మౌత్‌వాష్‌తో పుక్కిలించి వచ్చాను సార్' అన్నాడు. చాలా మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉంటుంది, అది కాసేపు నోట్లో నిలుస్తుంది. అందుకే ఏమీ తిననివ్వకుండా, తాగనివ్వకుండా 15 నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదించాలి. అలాగే చేశాం, సున్నా వచ్చింది. ఈలోగా సూపర్‌వైజర్ వేరే డ్రైవర్‌కు ఫోన్ చేసేశాడు, వరుసలో ఉన్నవాళ్లు షెడ్డంతా చాటేశారు. ఆయనకు తాగుడు అలవాటే లేదు. అయినా చాలాకాలం వెనక నుంచి వెకిలి మాటలు పడ్డాడు. ఆ తర్వాత మీటర్‌ను తలుపున్న గదిలోకి మార్పించాను. ఒక్కొక్కరే లోపలికి రావాలి, ఫలితం రిజిస్టర్‌లోకే వెళ్లాలి, ఎవరి నోటా బయటికి రాకూడదు.

చాలామంది డ్రైవర్లకు తెలియని విషయం ఇంకొకటి ఉంది. రాత్రి తాగింది నిద్రతో దిగిపోదు. సగటున గంటకు, 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే ఆల్కహాల్ తగ్గుతుంది. అర్ధరాత్రి 120 ఉన్నవాడికి ఉదయం ఆరింటికి ఇంకా 30 ఉంటుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా అది తొందరగా పోదు. అందుకని మేం ఒక ఏర్పాటు చేశాం. ఊదకముందే 'ఇవాళ నేను నడపలేను' అని చెప్పినవాడికి ఆ రోజు వేరే పని ఇస్తాం, పేరు ఎక్కడా ఎక్కదు. చెప్పకుండా వచ్చి మీటర్‌లో దొరికితే క్రమశిక్షణ చర్య తప్పదు. నోరు విప్పినవాడికే నష్టం జరిగే చోట ఎవరూ నోరు విప్పరు, దాచుకుని బండెక్కుతారు. మీ కంపెనీ చేస్తున్నది చూస్తే నాకు అదే భయంగా ఉంది. పాత కేసును జీవితాంతం మోయాల్సిందేనని తెలిసిపోయాక, ఇప్పుడు తాగుడుతో సతమతమవుతున్న మరొకరు సాయం అడగడానికి ముందుకొస్తారా?

చట్టం ఏమంటుందనేది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం కింద మద్యపాన వ్యసనం వైకల్యంగా లెక్కలోకి రావచ్చు. కానీ పనిలో ప్రవర్తన విషయంలో యజమాని అందరికీ పెట్టే ప్రమాణమే వాళ్లకూ పెట్టవచ్చు. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం కింద వ్యసనం మాత్రమే ఉంటే రక్షణ లేదు, దానివల్ల కాలేయం పాడైతే ఆ జబ్బుకు రక్షణ ఉండవచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇచ్చిన నియమావళి మాత్రం మద్యం సమస్యను ఆరోగ్య సమస్యగా చూడాలని, మిగతా జబ్బుల విషయంలో చూపించినట్టే వివక్ష లేకుండా చూడాలని చెబుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఒక్కసారి తాగి పట్టుబడినంత మాత్రాన ఎవరూ వ్యసనపరులైపోరు. హెచ్.ఆర్. వాళ్లు ఈ రెండింటినీ తరచూ కలిపేస్తారు.

మీరు అడగకపోయినా ఒక మాట. మీ ప్రచారంలో మీ సహోద్యోగి చేత 'స్వానుభవం' చెప్పిద్దామని ఎవరైనా అంటే గట్టిగా వద్దనండి. మా దగ్గర స్టోర్స్‌లో పనిచేసే ఒకాయన తాగుడు పూర్తిగా మానేశాడు. ఆయన ఫొటోతో పోస్టర్ వేద్దామని, వేదికెక్కించి మాట్లాడిద్దామని పైవాళ్లు ముచ్చటపడ్డారు. పైగా 'మీ ఇష్టమే' అన్నారు. జీతమిచ్చేవాడు అడిగితే కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఆయన నా దగ్గరికి వచ్చి, 'మానేసింది నా పిల్లల కోసం సార్, గోడకి అంటించుకోవడానికి కాదు' అన్నాడు. ఆ పోస్టర్ పడనివ్వలేదు.

ఇక మీ సహోద్యోగి చేయాల్సింది. ప్రమోషన్ ఎందుకు ఆపారో కారణం రాతపూర్వకంగా అడగమనండి. ఆ పోస్టు విధుల జాబితా కూడా తీసుకోవాలి, అందులో డ్రైవింగ్ లేకపోతే ఆయన వాదనలో అదే మొదటి పాయింట్. పాత కేసులను ప్రమోషన్‌లో చూస్తామన్న నియమం ఆయన దరఖాస్తు చేసేనాటికే ఉందా, ఉంటే ఎన్నేళ్ల వెనక్కి చూస్తారు అనేది అడగాలి. డ్రైవింగ్ ఉన్న పోస్టే అయితే, ఊదితేనే స్టార్టయ్యే ఇంటర్‌లాక్ పరికరం బిగించిన బండి ఇవ్వమని కోరవచ్చు. చాలా దేశాల్లో కోర్టులే అలాంటివి పెట్టిస్తున్నాయి. జవాబు చేతికొచ్చాక కార్మిక చట్టాలు తెలిసిన లాయర్‌కు చూపించండి. లోపలి అప్పీలుకు సాధారణంగా గడువు ఉంటుంది, అది దాటిపోకుండా ముందు ఆ తేదీ కనుక్కోమనండి.