బీటెక్ చదివి అట్టబండ్లు చేయిస్తానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ చదివి, మూడేళ్ళుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు అది మానేసి స్కూల్లో చిన్నపిల్లలకు డిజైన్, టెక్నాలజీ నేర్పుతానంటోంది. మూడు నెలల రోబోటిక్స్ ట్రైనర్ కోర్సు మంచిదా, ప్రైమరీ టీచర్ల శిక్షణ కోర్సు డీఈడీ మంచిదా? ఇంత చదివించింది ఇందుకేనా అని బంధువులు అడుగుతున్నారు.
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ మెయిల్‌ను కుదించి పైన వేశాం. అసలు దాంట్లో కోర్సుల గురించి రెండు లైన్లు, బంధువుల గురించి పేజీన్నర ఉంది. ఇలాంటివి నాకు చాలానే వస్తుంటాయి. అడిగేది కోర్సు గురించి, టెన్షన్ మాత్రం నలుగురిలో చులకనైపోతామేమోనని.

ముందు రోబోటిక్స్ సంగతి. చిన్న తరగతుల్లో దాని మీద నాకు సదభిప్రాయం లేదు. ఒక స్కూల్లో ఒకటో తరగతి పీరియడ్ చూశాను. కిట్‌లో ముక్కలన్నీ ఒకదానికొకటి సరిపోయేలా తయారై వచ్చాయి. పిల్లలు బొమ్మ చూసి బిగించారు, మోటారు తిరిగింది, చప్పట్లు కొట్టారు. బెల్లు కొట్టేలోపు ట్రైనర్ అన్నీ ఊడదీసి డబ్బాలో సర్దేసింది. తర్వాత బి సెక్షన్‌కి అదే కిట్ కావాలి మరి. పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేయడానికి కేంద్ర ప్రభుత్వం స్కూళ్ళలో పెట్టిస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబులు కూడా ఆరో తరగతి నుంచే. 2020 జాతీయ విద్యా విధానం కోడింగ్ చెప్పమన్నదీ అక్కడి నుంచే. ఒకటో తరగతి రోబో ఫీజు రశీదు కోసం పుట్టింది. ఇంగ్లండ్‌లో ఐదేళ్ళ పిల్లలకు కూడా డిజైన్ అండ్ టెక్నాలజీ సబ్జెక్టు ఉంది, 1990 నుంచీ. ఆ వయసులో వాళ్ళు చేసేది చక్రాలు, ఇరుసులు, మీటలు, కాస్త వంట.

ఇంకో మాట. ట్రైనర్లలో చాలామంది కిట్లు అమ్మే కంపెనీ మనుషులు. స్కూలుతో ఒప్పందం అయిపోతే వాళ్ళ పనీ అయిపోతుంది. కోర్సులో చేరేముందు జీతం ఎవరిస్తారో అడగమనండి.

మీ అమ్మాయి నేర్పుదామనుకునేది ఎలా ఉంటుందో చెబుతాను. మూడో తరగతి పిల్లాడు సీసా మూతలకు చిల్లులు పెట్టి, చీపురు పుల్ల దూర్చి అట్టబండి చేశాడు. అది కుంటుతూ పోతోంది. టీచరమ్మ ఏమీ చెప్పలేదు. వాడే మూతను కంటి దగ్గర పెట్టుకుని చూసి, చిల్లు ఓ పక్కకు పడిందని కనిపెట్టాడు. మరి నడిమధ్య ఎక్కడ? కాగితం మీద మూత పెట్టి చుట్టూ గీశాడు. కత్తిరించి రెండుసార్లు మడిచాడు. మడతలు కలిసిన చోట మేకు గుచ్చాడు. ఆ పది నిమిషాలూ చెప్పేయకుండా నిలబడటం ఎంత కష్టమో పాఠం చెప్పినవాళ్ళకే తెలుసు.

మెకానికల్ చదువు వృథా అంటారా? మూడేళ్ళుగా ఆమె చేస్తున్న సాఫ్ట్‌వేర్‌కీ మెకానికల్‌కీ సంబంధం ఏమిటి? అప్పుడు బంధువులు అడగలేదు కాబట్టి మీరూ అడగలేదు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలతో లిఫ్టు చేసి మేడ మీదున్న బామ్మకు తమలపాకులు పంపేదని మీరే రాశారు, అదీ మురిసిపోతూ! ఆ పిల్ల ఇప్పుడు అదే పని చేస్తానంటే మీకు తలవంపులా?

బంధువులకు పెద్ద పేరే కావాలంటే అరవింద్ గుప్తా గురించి చెప్పండి. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, లారీల కంపెనీలో ఉద్యోగం వదిలేసి, పనికిరాని వస్తువులతో పిల్లలకు సైన్సు బొమ్మలు చేయడం నేర్పాడు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇక డీఈడీ. రెండేళ్ళు పడుతుంది. బీఈడీ చాలదా అని ఎవరైనా అంటే వినొద్దు, ప్రాథమిక తరగతులకు అది అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఎస్జీటీ, అంటే ప్రభుత్వ ప్రైమరీ టీచర్ ఉద్యోగం కావాలంటే డీఈడీయే దారి. అయితే ప్రభుత్వ ప్రైమరీ స్కూల్లో డిజైన్ టీచర్ అనే పోస్టు ఉండదు. లెక్కలు, పరిసరాల విజ్ఞానం చెబుతూనే ఇవన్నీ చేయించాలి. అంతర్జాతీయ సిలబస్ చెప్పే ఐబీ స్కూళ్ళలో డిజైన్ విడిగా సబ్జెక్టే, కానీ అది పదకొండేళ్ళు దాటిన పిల్లలకు. ఎటు వెళ్ళినా జీతం ఇప్పటికంటే బాగా తగ్గుతుంది. ఆ లెక్క ఆమె వేసుకునే ఉంటుంది, ఒకసారి కూర్చోబెట్టి వినండి.

రాజీనామా ఇప్పుడే వద్దనండి. దగ్గర్లోని ప్రైమరీ స్కూల్లో హెడ్మాస్టర్‌ను అడిగి, ఓ ఎనిమిది శనివారాలు మూడో తరగతి పిల్లలతో ఏదో ఒకటి చేయించమనండి. ఒక శనివారం మీరూ వెళ్ళి వెనక కూర్చోండి. పాత అట్టపెట్టెలు, సీసా మూతలు మీరే పోగుచేసి పట్టుకెళ్ళండి, అవి ఎన్ని ఉన్నా చాలవు.